అడుగు చేపలు – వాని నోళ్లు, వాని మేత

నల్లగొండలో గాని మహబూబునగరములో గాని ఆదివారమునాడు చేపల అంగడికి పోయి చూచినచో, కొనువారు చేపను ఎట్లు పరీక్షింతురో తెలియును. మొప్పను ఎత్తి యెఱుపును చూతురు. కన్ను మెఱయుచున్నదా, మాసియున్నదా యని చూతురు. పొట్టపై వ్రేలితో నొక్కి చూతురు. చేప నోటిని మాత్రము చూచువారు అరుదు. కొనువానికి నోటితో పనియేమి? కాని ఆ చేప బ్రదికియున్నన్నాళ్లు ఏమి తిన్నదో, ఎచ్చట తిన్నదో, ఏ చేపతో పోటీపడి తిన్నదో తెలిసికొనవలెనన్న మొదట చూడవలసినది నోటినే. కూరకు చేపను కొనువానికి ఈ సంగతి వేడుక మాత్రమే. చెఱువులో చేపపిల్లలను విడిచి, వానిపై సంసారమును నడుపుకొను బెస్తవారికిని, ముదిరాజులకును ఇది జీవనాధారమునకు సంబంధించిన సంగతి. అది యెట్లో ఈ ప్రసంగమున విన్నవింతును.

నీటి అడుగున మేయు చేపలు కొన్ని కలవు. వానిని మనము అడుగు చేపలందుము. అడుగున మేయునవి గనుక అన్నియు ఒక్క మేతనే తినునని తలచుట సహజము. అందును ఒకే వంశమునకు చెందినవైనచో ఇక చెప్పనక్కఱలేదు. కాని విషయ మట్లు లేదు. దగ్గఱి చుట్టములైన చేపలు ఒకే నీటి అడుగున ఉండియు వేఱువేఱు మేతలకు అలవాటుపడినవి. ఆ భేదమునకు మొదటి కారణము నోటి నిర్మాణము. రెండవది దేహపు ఆకృతి. మూడవది కడుపులోని ప్రేగు.

మొదట మన నేలను గూర్చి రెండు మాటలు. 2016 వ సంవత్సరమునందు నల్లగొండ, మహబూబునగరము జిల్లాలు చిన్న జిల్లాలుగ విభజింపబడినవి. అయినను నేల స్వభావము మాఱలేదు. ఇది నల్లరాతి మెట్టనేల. గుట్టలు, బండలు, వాని నడుమ ఎఱ్ఱచెలకలు, పల్లములందు రేగడి. వానకాలపు నీటిని నిలువజేయుటకు పూర్వులు వాగు వాగునకు అడ్డముగ కట్టలు వేసిరి. కందూరి చోడుల కాలమునాటిదని ప్రసిద్ధి గన్న పానగల్లు ఉదయసముద్రము మొదలు, ఊరి చివర కుంట వఱకు, ఈ చెఱువులే మన చేపలకు ఇండ్లు. దక్షిణపు సరిహద్దున కృష్ణానది పాఱుచున్నది. ఆలంపురము వైపున తుంగభద్రయు, వాడపల్లి యొద్ద మూసియు దానిలో కలియుచున్నవి. నడుమ నల్లమల కొండల సందున దిండి వచ్చి చేరుచున్నది. ఇట్లు మన చేపలకు రెండు విధములైన నీళ్లు కలవు: నిలుచు నీరు, పాఱు నీరు.

ఈ రెండు నీళ్ల అడుగు ఒక్కటి కాదు. చెఱువు నడుమ, తూము ముందట, మెత్తని ఒండ్రు పేరుకొనియుండును. కట్టకు లోపలివైపున పేర్చిన రాళ్లపై పచ్చని పాచి పట్టియుండును. శిఖపు భూమిలో, నీరు పలుచనైన చోట, మునిగిపోయిన గడ్డిదుబ్బులు, తుమ్మకంపలు, కుళ్లుచున్న ఆకులు ఉండును. ఏటి అడుగున ఇసుకయు, గులకరాళ్లును, నీటివడికి నున్ననైన బండలును ఉండును. మనిషి కంటికి ఇదియంతయు ‘అడుగు’ అను ఒక్క మాటలో ఇమిడిపోవును. చేపకు మాత్రము ఇవి వేఱువేఱు పొలములు. ఒక పొలమున పండునది వేఱొక పొలమున పండదు. ఒక పొలమును దున్ను నాగలి వేఱొక దానికి పనికిరాదు.

ఇక మన చేపల వంశమును చూతము. అంగడిలో బొచ్చె, రవ్వ, మెరిగ అను మూడు చేపలు పక్కపక్కనే యుండును. రవ్వనే కొన్నిచోట్ల శీలావతి యనియు, మెరిగను కోస్తాజిల్లాలలో ఎఱ్ఱమోసు అనియు అందురు. అప్పుడప్పుడు వానితోపాటు నల్లని దేహముగల నల్లమోసును వచ్చును. ఈ నాల్గింటిని ఫ్రాన్సిస్ హామిల్టను అను వైద్యుడు 1822 లో ప్రకటించిన గంగానదీ మత్స్యముల గ్రంథమున వర్ణించి, నాల్గింటిని ఒక్క ప్రజాతియందే చేర్చెను. అటుపిమ్మట పండితులు వానిని వేఱువేఱు ప్రజాతులుగ విడదీసిరి. అయినను ఇవి దగ్గఱి దాయాదులను మాటలో భేదాభిప్రాయము లేదు. రవ్వ, నల్లమోసు మొదలగువాని ప్రజాతికి ‘లేబియో’ అని పేరు. లాటిను భాషలో ఆ మాటకు పెద్ద పెదవులు గలవాడని యర్థము. పేరు పెట్టినవారికి మొదట కంటబడినది పెదవియే.

ఈ వంశమువారికి అందఱకును సామాన్యమైన లక్షణములు కొన్ని కలవు. వీనికి దవడలయందు పండ్లు లేవు. నోట వ్రేలుపెట్టినను గాయముకాదు. పండ్లు గొంతులో ఉండును. మొప్పల వెనుక, మెడయెముకపై వరుసగ అమరియుండి, పైనున్న గట్టి మెత్తపై మేతను ఒత్తి నూఱును. వీనికి మనవలె జీర్ణాశయము లేదు. గొంతునుండి మేత నేరుగ ప్రేగులోనికి పోవును. ఆ ప్రేగు చుట్టలు చుట్టుకొని, శరీరపు నిడివికి ఎన్నియో రెట్లుండును. చేపలు శుభ్రముచేయు స్త్రీలకు ఈ సంగతి బాగుగ తెలియును: రవ్వ పొట్ట కోసినచో సన్నని త్రాటివంటి ప్రేగు బారలకొలది వచ్చును, వాలుగ పొట్ట కోసినచో సంచివంటి జీర్ణాశయమును, కుఱుచప్రేగును కనబడును. వాలుగయు అడుగున తిరుగునదే; కాని దాని నోరు కన్ను దాటి వెనుకకు చీలియుండును, దవడలనిండ పండ్లుండును, అది చేపలను మ్రింగును. మాంసము త్వరగ జీర్ణమగును గనుక నిడుపాటి ప్రేగు అక్కఱలేదు. పాచి, కుళ్లిన ఆకు, ఒండ్రు అనునవి సారము తక్కువైన మేతలు. వానినుండి బలము తీయవలెనన్న ఎక్కువ తినవలెను, తిన్నదానిని చాలసేపు ప్రేగులో నిలుపవలెను. కావుననే ఈ నిడుపాటి ప్రేగు.

సామాన్య లక్షణములు ఇట్లుండగా, భేదములు నోటియొద్ద మొదలగును.

మొదట మెరిగను చేతికి తీసికొనుడు. దేహము నిడుపుగ, వెండివలె తెల్లగ నుండును. ముట్టె మొద్దు. నోరు ముట్టెకు కొంచెము క్రిందుగ, వెడల్పుగ, అడ్డముగ చీలియుండును. పెదవులు పలుచనివి, క్రింది పెదవి ఉన్నదో లేదో తెలియదు. కుచ్చులు లేవు. మీసములు ఒక్క జత, అవియు పొట్టివి. ఇట్టి నోటితో రాతిని గీఱుట కుదరదు, గట్టిదానిని పట్టుటయు కుదరదు. ఇది చేటవంటి నోరు. మెత్తని ఒండ్రుపై పొరను ఎత్తుకొని, అందులోని కుళ్లిన ఆకుల తునుకలను, పాచిని, కంటికి కనబడని సూక్ష్మజీవులను మ్రింగుటకు తగినది. ఒండ్రుతోపాటు ఇసుకయు మన్నును కడుపులోనికి పోవును. మెరిగ ప్రేగు కోసి చూచినవారికి అందు మన్ను కనబడుట మామూలే. మన్నుతిను చేప యని కొందఱు దీనిని తక్కువగ చూతురు. నిజమునకు అది మన్నును తినుట లేదు. మన్నుతో కలిసిన మేతను తినుచున్నది.

రెండవది నల్లమోసు. దేహము నలుపు, వీపు ఎత్తు. నోరు పూర్తిగ తలక్రిందికి తిరిగియుండును. చేపను వెల్లకిల పట్టుకొన్నగాని నోరు సరిగ కనబడదు. పెదవులు దళసరివి, అంచులనిండ కుచ్చులు. మీసములు రెండు జతలు. మెరిగ మీసములకన్న స్పష్టములు. ఈ కుచ్చులును మీసములును అలంకారములు కావు. అడుగున వెలుతురు తక్కువ. కలకనీటిలో కన్ను పనిచేయదు. ఆ చోట మీసము తడిమి చూచును, రుచి చూచును. పెదవి తాకి చూచును. దొరకిన మేతను దళసరి పెదవి పట్టి, ఒత్తి, పీల్చుకొనును. కాబట్టి నల్లమోసు మునిగిన కంపలపైని, రాళ్లపైని పట్టిన పాచిని, కుళ్లిన మొక్కల తునుకలను తినుటయేగాక, చిన్నచిన్న నత్తలనుగూడ ఏరుకొని తినును. మెరిగ చేటతో ఎత్తును. నల్లమోసు వ్రేళ్లతో ఏరును. రెండును అడుగు చేపలే. అయినను ఒకదాని విస్తరిలో ఉన్నదంతయు వేఱొకదాని విస్తరిలో లేదు.

మూడవది మన దక్షిణాపథపు నదులకు సొంతమైన చేప. గోదావరి, కృష్ణ, కావేరులు దాని పుట్టినిండ్లు. 1795 లో బ్లాకు అను జర్మను పండితుడు దీనికి ‘ఫింబ్రియేటస్’ అని పేరుపెట్టెను. కుచ్చులు గలదని యర్థము. మన భాషలో దీనికి ఊరూర వేఱువేఱు పేర్లు కలవు గనుక, ఈ ప్రసంగమున కుచ్చుపెదవి చేప అని పిలుతును. దీని పెదవులు రెండును దళసరివి, అంచులు చీలి కుచ్చులుగ నుండును. లోపల మఱియొక మడతయు కలదు. దేహము నల్లమోసు దేహముకన్న కోలగ నుండి, పాఱునీటిలో ఈదుటకు తగియుండును. ఏటి అడుగున గులకరాళ్లపైని, బండలపైని సన్నని పొరవలె పట్టిన పాచిని, అందలి సూక్ష్మమైన నాచుజీవులను పెదవులతో తుడిచి తినుట దీని వృత్తి. అడుగున దొరకు కుళ్లిన పదార్థమును విడువదు.

నాల్గవది మిక్కిలి చిన్నది. జానెడు పొడవు కూడ పెరుగదు. అంగడికి వచ్చుట అరుదు. శాస్త్రజ్ఞులు దీనిని ‘గార్రా ముల్యా’ అందురు. ఇదియు అదే దాయాదివర్గములోనిది. కొండవాగులలో, వడిగ పాఱు నీటిలో, బండల నంటిపెట్టుకొని యుండును. దీని క్రింది పెదవి మాఱిపోయి, గడ్డముక్రింద గుండ్రని బిళ్లయైనది. ఆ బిళ్లను రాతికి ఒత్తి పట్టినచో నీటివడి దానిని కదల్పజాలదు. పొట్ట చదును, జతరెక్కలు ప్రక్కలకు పఱచియుండును. నీటి తాకిడి పైనుండి దొరలిపోవును. రాతిని పట్టుకొనియే రాతిపై పాచిని గీఱి తినును. మెరిగను తెచ్చి ఆ వాగులో విడిచినచో వడికి కొట్టుకొనిపోవును. ఈ చిన్న చేపను తెచ్చి ఒండ్రు చెఱువులో విడిచినచో పట్టుటకు రాయియు లేదు, గీఱుటకు పాచియు లేదు.

కొండవాగుల చేపలలో నీటివడికి తగినట్లు దేహము మాఱు తీరును డాక్టరు సుందరలాల్ హోరా 1922 లో విపులముగ వ్రాసెను. తరువాత ఆయన భారత జంతుశాస్త్ర పరిశోధన సంస్థకు అధిపతియైనాడు. పొట్ట చదునగుట, రెక్కలు పఱచుకొనుట, నోరు క్రిందికి దిగుట, పెదవి అంటుకొను సాధనమగుట, తేలుటకు తోడ్పడు గాలితిత్తి చిన్నదగుట, ఇవి యన్నియు వడినీటి చేపలలో తఱచు కనబడు మార్పులు. వేఱువేఱు వంశముల చేపలుగూడ ఒకే విధమైన నీటిలో ఒకే విధమైన మార్పులను పొందుట ఇందలి విశేషము. నోరొకటే మేతను నిర్ణయింపదు. మేత యున్న చోట నిలువగల దేహమును కావలెను. అందుచేతనే దేహము, నోరు, ప్రేగు అను మూటిని కలిపి చదువవలెను.

ఈ అడుగు చేపల ప్రక్కన వాని దాయాదియైన బొచ్చెను పెట్టి చూడుడు. భేదము మఱింత స్పష్టమగును. బొచ్చె తల పెద్దది. నోరు వెడల్పు, పైకి తిరిగియుండును. మీసములు లేవు, కుచ్చులు లేవు. మొప్పలలోపల సన్నని దువ్వెనపండ్లవంటివి దగ్గఱదగ్గఱగ నుండి, నీటిలో తేలు సూక్ష్మప్రాణులను వడకట్టును. అది నీటి పైభాగమున మేయును. రవ్వ నడుమ మేయును. దాని నోరు చిన్నది, కొంచెము క్రిందుగ నుండును. పెదవికి కుచ్చులు గలవు. పాచి, మెత్తని మొక్కలు దాని మేత. ఒకే వంశమునందు నోరు పైకి తిరిగినది పైన, క్రిందికి తిరిగినది క్రింద మేయుచున్నదన్నమాట.

ఇచ్చట నొక ప్రశ్న. పుట్టుకతోనే ఈ భేదము లున్నవా? లేవు. ఈ చేపలన్నియు పిల్లలుగ నున్నపుడు నీటిలో తేలు సూక్ష్మప్రాణులనే తినును. అప్పుడు వాని ప్రేగులు కుఱుచ. పెరుగుకొలది నోరు తన స్థానమునకు దిగును, పెదవి దళసరియగును, ప్రేగు సాగి చుట్టలు చుట్టుకొనును. దానితో మేతయు మాఱును. ఈ సంగతిని మఱచి, చేపపిల్లల తొట్టెలో ఏ పిల్ల యేది తినునో చూచి, పెద్దచేప మేతను ఊహించుట పొరపాటు.

మఱియొక హెచ్చరికయు అవసరము. నోరు చూచినంతమాత్రమున చేప ఏమి తిన్నదో పూర్తిగ చెప్పజాలము. నోరు ఇది సులభము, అది కష్టము అని మాత్రము చెప్పును. ఆఫ్రికాఖండపు మహాసరస్సులలో ‘సిక్లిడు’ అను వంశపు చేపలు వందలకొలది జాతులు కలవు. మలావీ సరస్సునందు రాతిని గీఱునవి, నత్తలను నలుపునవి, పొలుసులను పెరకి తినునవి, ఒక్కొక్కటి తన నోటికి తగిన మేతతో పక్కపక్కనే యుండును. అట్టి చేపలను పరిశీలించి కారెల్ లీమ్ అను శాస్త్రజ్ఞుడు 1980 లో ఒక చిత్రమైన విషయమును ఎత్తిచూపెను: నోరు ఎంత ప్రత్యేకముగ తయారైనను, సులభమైన మేత సమృద్ధిగ దొరకినపుడు చేప దానినే తినును. ప్రత్యేకమైన నోటి విలువ కఱవునాడు తెలియును. సమృద్ధి కాలమున అందఱును ఒకే విస్తరిలో తిందురు. కఱవు కాలమున ఎవరి విద్య వారికి అన్నము పెట్టును. మెట్టనేల చెఱువులలో ఈ మాటకు బరువెక్కువ. ఏలయన వాన తక్కువైన యేట మన చెఱువు మాఘమాసమునకే సగమై, వేసవికి మడుగై మిగులును. అప్పుడు చేపలకు కఱవు, పోటీ తీవ్రము.

ఇపుడు మొదట చెప్పిన జీవనపు సంగతికి వత్తము. బొచ్చె, రవ్వ, మెరిగలు నిలుచు నీటిలో గ్రుడ్లు పెట్టవు. వానకాలమున పాఱునీరు కావలెను. అందుచే పూర్వము నదులలో పట్టిన పిల్లలనే చెఱువులకు తేవలసివచ్చెడిది. 1957 జూలై 10 వ తేదీన ఒరిస్సాలోని అంగుల్ అను చోట డాక్టరు హీరాలాల్ చౌధురి, డాక్టరు ఆలికున్హి గారలు చేపలకు పిట్యూటరీ గ్రంథిసారమును సూదితో ఎక్కించి గ్రుడ్లు పెట్టించుటలో కృతార్థులైరి. అప్పటినుండి చేపపిల్లల ఉత్పత్తి కేంద్రములు వెలసినవి. తెలంగాణ ప్రభుత్వము 2016–17 లో చెఱువులకు ఉచితముగ చేపపిల్లలను పంచు పథకమును ప్రారంభించెను. పిల్లలు దొరకుట సులభమైనది. ఏ పిల్లలు ఏ చెఱువునకు అను ప్రశ్న మాత్రము మిగిలియే యున్నది.

మూడు జాతులను కలిపి పెంచునపుడు బొచ్చె 4, రవ్వ 3, మెరిగ 3 పాళ్లుగ విడువవలెనని సామాన్యముగ చెప్పుదురు. ఈ లెక్కలోని రహస్యము నోళ్లలోనే యున్నది: ఒకటి పైన, ఒకటి నడుమ, ఒకటి అడుగున. చెఱువు నీరంతయు మూడంతస్తుల మేడవలె వినియోగమగును. ఇందులో బంగారుతీగను చేర్చినపుడు జాగ్రత్త కావలెను. ఇది పరదేశపు చేప. 1939 లో ఒక తెగ నీలగిరులకు వచ్చినది. 1957 లో బ్యాంకాకు నుండి వేఱొక తెగ కటకమునకు వచ్చినది. దాని నోరు ముందుకు సాగి గొట్టమువలె అగును. రెండు జతల మీసములు. గొంతుపండ్లలో కొన్ని విసుఱుఱాళ్లవలె చదును. అది ఒండ్రులో మూతి గుచ్చి, త్రవ్వి, పురుగులను నత్తలను వెలికితీసి నలిపి తినును. మెరిగ ఒండ్రు పైపొరను ఎత్తును. బంగారుతీగ లోపల త్రవ్వును. లోతైన, ఒండ్రు సమృద్ధిగ గల చెఱువున రెండింటికి చోటు దొరకును. చిన్నకుంటలో రెండింటిని విరివిగ విడిచినచో, ఒండ్రు ఒక్కటే, తినువారిద్దఱు. త్రవ్వుటచే నీరు కలకబాఱును, వెలుతురు అడుగునకు దిగదు, పాచి పెరుగదు, దాని నష్టము రవ్వకును తగులును.

ఒక గ్రామపు సంఘమువారు తమ చెఱువున ఎన్ని పిల్లలను విడిచినను రాబడి పెరుగుట లేదని బాధపడుచున్నారనుకొందము. పిల్లల సంఖ్యను పెంచుటయే మార్గమని వారికి తోచును. పట్టిన చేపలు ఎండి, తల పెద్దదిగ, దేహము సన్నముగ నున్నచో, ఆ జాతికి మేత చాలలేదని గుర్తు. అడుగు చేపలే చిక్కిపోయి, బొచ్చె బలిసియున్నచో, అడుగు విస్తరిపై అతిథులెక్కువైరి. వచ్చుయేడు ఆ పాలును తగ్గింపవలెను. మెరిగ తక్కువగ చిక్కినంతమాత్రమున చెఱువున లేదని తలపరాదు. అడుగున ఒండ్రులో ఒదిగి, లాగుడువల క్రిందిత్రాటి అడుగునుండి తప్పించుకొనుట ఆ చేపకు అలవాటు. నీరు తగ్గినపిమ్మట వలవేసి లెక్కచూచుట మేలు.

2015 లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో అనేకములైన చెఱువుల పూడికమట్టిని తీసి పొలములకు తోలిరి. పొలమునకు అది యెరువు; చెఱువునకు లోతు. అయితే అడుగు చేపలకు ఆ పైపొర ఒండ్రే వంటయిల్లు గదా! పూడిక తీసిన చెఱువున గట్టి మొఱపనేల బయటపడినచో, కొంతకాలము అడుగు మేత తక్కువగ నుండును. లోతు పెరిగినది గనుక పైన నడుమ మేయువానికి చోటు పెరిగినది. ఆ యేటికి మెరిగపాలు తగ్గించి, పశువుల యెరువు వేసి అడుగును మరల పండనిచ్చుట ఉచితము. పిల్లలను కొనుటకు ముందు చెఱువులో దిగి, నాలుగుచోట్ల చేయిపెట్టి అడుగు మన్నును తీసి చూచుట పెద్ద శ్రమగాదు. మెత్తని నల్లని ఒండ్రు చేతికి వచ్చినదా, ఇసుక వచ్చినదా, మొఱపమే వచ్చినదా చూడవలెను.

నదిని గూర్చి చెప్పక ఈ ప్రసంగమును ముగింపరాదు. 1955 లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగష్టు 4 వ తేదీన కాలువలకు నీరు విడిచిరి. దానికి ఎగువ శ్రీశైలము, ఇంకను ఎగువ జూరాల కట్టబడినవి. లక్షలకొలది ఎకరములకు నీరు వచ్చినది. జలాశయములలో వేలకొలది కుటుంబములు చేపలుపట్టి బ్రదుకుచున్నవి. ఈ మేలును ఎవ్వరును కాదనరు. కాని వడిగ పాఱు కృష్ణ పెక్కు క్రోసుల మేర నిలుచు నీరైనది. పూర్వము ఎండసోకి పాచిపట్టిన బండలు లోతు నీటిలో మునిగిపోయినవి. వెలుతురులేని రాతిపై పాచి పెరుగదు. నిలుచు నీటిలో ఒండ్రు దిగి రాతిని కప్పును. చేటనోటి మెరిగకు అది కలిసివచ్చిన కాలము. రాతిపాచిని తుడిచి తిను కుచ్చుపెదవి చేపకును, బిళ్లపెదవి చిన్న చేపకును సొంత పొలము కుంచించుకొనిపోయిన కాలము. ఆ చేపలను ఎవ్వరును చంపలేదు. వాని నోటికి తగిన అడుగును మాత్రము మార్చితిమి.

కాబట్టి మిగిలియున్న వాగులను, ఆనకట్టల దిగువనున్న రాతి మడుగులను, ఇసుక తోడివేయక, బండలను పగులగొట్టక, చెత్తతో నింపక కాపాడుకొనుట మన చేతిలోని పని. పెంపకపు చేపలు చెఱువునకు చాలును; రాతిని మేయు చేపకు రాయి కావలెను. వెల ఎంత ఇచ్చినను పిల్లల కేంద్రమున రాతి అడుగు దొరకదు.

శ్రోతలారా, ఈసారి చేప కొనునపుడు మొప్పను ఎత్తి చూచినపిమ్మట, ఒక్కసారి తలను వెల్లకిల త్రిప్పి నోటినిగూడ చూడుడు. పెదవి పలుచనిదా, దళసరిదా, కుచ్చులున్నవా, మీసములెన్ని, నోరు పైకి తిరిగినదా, క్రిందికి తిరిగినదా? మీ ప్రక్కన పిల్లలున్నచో వారికిని చూపుడు. ఆ చేప ఏ నీటిలో, ఏ అంతస్తున, ఏమి తిని పెరిగినదో వారే ఊహించి చెప్పగలరు. చెఱువులో పిల్లలను విడుచు పెద్దలు ఆ మాటను ఒక్కసారి చెవినిబెట్టినచో చెఱువునకును మేలు, దానిపై బ్రదుకు ఇంటికిని మేలు.